చివరి కొళాయి ఖాసీం సాబ్

ఖాసీం సాబ్ ఇక లేరన్న దుర్వార్త మొన్న శుక్రవారం ఎమ్మిగనూరు నుంచి ట్రంకాల్లో వచ్చింది. గుండె ఆగిందట. నిశ్చేష్టురాలినయినాను. మరుక్షణమే ఒళ్లు మండింది. ఆగదా మరి! ఇన్నేండ్లూ మా మిల్లు పెద్దలు దాన్ని కాల్చుకు తిన్నారు కదా.

ఆదోని శివార్లలోని మా నూలుమిల్లులో నీటిపరీక్ష ఆయన వృత్తి. నాకు ఆ విద్య నేర్పిన గురువు ఆయనే. మందు పూసిన కాగితం వేసిన చిన్న సీసాలో కొళాయి నీళ్లు పట్టి వెచ్చగా ఉంచితే, మలంలోని క్రిములున్న నీళ్లు ఒకట్రెండు రోజుల్లో నల్లబడతాయి. చలికాలంలో ఆ సీసాలను పత్తిలో చుట్టి, చొక్కా లోపల కడుపుకు కట్టుకొని తిరిగేవారు. "కడుపుతో ఉండావా సాబూ?" అని ఆడకూలీలు నవ్వేవాళ్లు. "ఔనమ్మా, మీ పిల్లోళ్ల కోసమే మోస్తాండా" అనేవారు.

మా మిల్లుకు ఒక దిక్కుమాలిన ఆచారం ఉంది. పరీక్ష ఉన్న పొద్దున ట్యాంకులో బ్లీచింగ్ పొడి కుమ్మరించి, దాని కిందున్న కొళాయి నీళ్లే పడతారు. ఇంక సీసా ఎట్ల నల్లబడుతుంది? సాబ్ మాత్రం కార్మికుల ఇండ్ల చివరి వరుసకు పోయి, మురుగుకాలువలో మునిగిన పైపు దాటాక వచ్చే కొళాయి దగ్గరే పట్టేవారు. ప్రతిసారీ నలుపే. ఆ పైపు మార్చండని మేనేజరును అడిగినారు.

"ట్యాంకు కాడ బాగుండాయి కదయ్యా, నీకు ఆడేం పని?" అన్నాడాయన.

"తిని చెయ్యి కడుక్కొని, సూడు నేనేం తినలేదు అన్నట్టుంది సార్ మీ యవ్వారం. బిడ్డలు తాగేది ఆడ!"

ఆ మాటకు ఆయన్ను గోడౌను కాపలాకు వేసినారు. ఆ వానాకాలమే చివరి వరుసలో వాంతులు, బేదులు. ఇద్దరు పసివాళ్లు పోయినారు. సాబ్ మేనేజరు గది ముందు నిలబడి ఏడ్చినారు. పరీక్ష నేర్చిన నేను పక్కనే నోరు మూసుకొని నిలబడినాను. థూ, నా చదువు! పైపు మాత్రం ఇప్పటికీ మారలేదు.

నిన్న మిల్లులో సంతాపసభ. సాబ్ పటానికి మేనేజరు పూలదండ వేసి, "సాబ్ పుణ్యమా అని మన నీళ్లకు ఏనాడూ మచ్చ రాలేదు" అన్నాడు. సిగ్గూ శరమూ ఉండక్కర్లేదా! అంతటి సత్యనిష్ఠుణ్ని, అంతటి కరుణామూర్తిని ఈ మిల్లు మళ్లీ చూడదు. చూసే అర్హత దానికి లేదు.

నేను దండ తీసుకపోలేదు. వార్త తెలిసిన రోజే చివరి కొళాయి నీళ్లు సీసాలో పట్టి, ఆయన లాగే పత్తిలో చుట్టి కడుపుకు కట్టుకున్నాను. ఆ సీసా తీసి పటం ముందు పెట్టినాను. నల్లగా ఉంది.

చివరి వరుస ఆడవాళ్లు లేచి దగ్గరికి వచ్చినారు. "ఏందమ్మా ఇది? మేము తాగేది ఇవేనా?" అని బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగింది.

"ఇవేనమ్మా" అన్నాను. గురువు బతికుండగా నేను అనవలసిన మాట అది.