గడ్డం మీది మూడు చుక్కలు

పోయిన ఎండాకాలం నస్పూర్‌లో, మా అన్న కూతురి పెళ్లిచూపులకు అబ్బాయి వాళ్లు వచ్చిన రోజు జరిగిందిది. గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అమ్మమ్మ దగ్గర తన తల్లి ఫోటో ఒక్కటే ఉంది. దాన్ని పెద్దది చేయిస్తానని అన్న స్టూడియోకు పట్టుకెళ్లి, సరిగ్గా ఆ రోజే ఫ్రేము కట్టించి తెచ్చి గోడకు తగిలించాడు. అమ్మమ్మ దగ్గరికెళ్లి చూసింది.

"గీమె ఎవలురా? మా అవ్వ ఏది?"

నేనూ చూశాను. ఫోటోలోని నల్లని ముఖం తెల్లగా మారిపోయింది. గడ్డం మీది మూడు పచ్చబొట్టు చుక్కలు మాయమయ్యాయి.

"నేనే తీయించిన. గవి చూస్తే మనల్ని అడవోళ్లనుకుంటరు," అన్నాడు అన్న గొంతు తగ్గించి.

"అనుకోనీ! ఆమె అడవిల పుట్టిందే గదా? ఆమె లేకుంటే నువ్వెక్కడివి?" వచ్చినవాళ్ల ముందే అరిచేశాను.

"ఊకో" అని అన్న పళ్లు నూరాడు. అమ్మమ్మ తన గడ్డం తడుముకుంది. అక్కడా అవే మూడు చుక్కలు.

"నేను సచ్చినంక నాయి గూడ గిట్లనే తుడుస్తవా, బిడ్డా?"

అన్న తలెత్తలేదు. ఆ ఫ్రేము నేనే పీకేశాను. ఆ మేకుకు ఇప్పుడు నలిగిన పాత ఫోటోనే ఉంది.

ఆ సంబంధం ఏమైందని అందరూ అడుగుతారు. అమ్మమ్మకు మా అన్న ఏం జవాబు చెప్పాడని మాత్రం ఒక్కరూ అడగరు.