మడత మేస్త్రి గుడారం

లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టడం నా పని. ఇరవై రెండేళ్లుగా అదే. రెండు గుడ్డలు కలిపే చోట మడత కిందికి చూడాలి, అప్పుడే వాన నీళ్లు జారిపోతాయి. పైకి చూసిందో, నీళ్లన్నీ పట్టి లోపలికి వదులుతుంది. "మడత కిందికిరా నాయనా!" అని పొద్దస్తమానం అరుస్తానని దుకాణంలో నాకు మడత మేస్త్రి అని పేరు పెట్టారు. ఆ పేరంటే నాకు గర్వమే, దాచుకోవడమెందుకు?

సెలవుల్లో ఏటి ఒడ్డున గుడారం వేసుకుని రెండు రోజులుందామని పిల్లలు పట్టుబట్టారు. మా ఆవిడ గుడారం అద్దెకు తెద్దామంది.

"కుట్టేవాడి ఇంట్లో అద్దె గుడారమా? నా పరువేం కావాలి?" అని గయ్యిమన్నాను. మూడు సాయంత్రాలు కూర్చుని కాన్వాసు గుడ్డతో నేనే కుట్టాను.

తీరా వెళ్లి, గుడారం వేసి, అన్నాలు తిన్నామో లేదో వాన మొదలైంది. "లోపలి నుంచి గుడ్డను ముట్టుకోకండి, ముట్టుకున్న చోట కారుతుంది" అని పిల్లలకు చెప్పాను. కాసేపటికే నెత్తిన టపటపా చుక్కలు.

"ఏమండోయ్, ఇది మడత మేస్త్రి గుడారమేనా?" అని మా ఆవిడ నవ్వింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవరు ముట్టుకున్నారు?" అని అరిచాను. పెద్దాడు చెల్లెలి వైపు చూశాడు. దానికి ఆరేళ్లు.

"ఒక్క వేలే నాన్నా... మెల్లిగా."

"ఒక్క వేలా! చూడు, అందరినీ ఎలా తడిపావో!"

అది రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. బిస్కెట్టు ఇస్తే చెయ్యి తీయలేదు, వాళ్లమ్మే నోట్లో పెట్టింది.

వాన వెలిశాక బయటికి వచ్చి చూద్దును కదా, మడతలన్నీ పైకి నోరు తెరుచుకుని ఉన్నాయి, నిండా నీళ్లు. దుకాణంలో కింది గుడ్డతో మొదలుపెట్టి, దాని మీదికి పై గుడ్డ వచ్చేలా కుడతాం. తొందరలో నేను పై గుడ్డతో మొదలుపెట్టాను, కింది గుడ్డ దాని మీదికి వచ్చింది. తల కొట్టేసినట్టయింది. అయినా నోరు విప్పితే ఒట్టు. గబగబా గుడారం చుట్టేసి, "పదండి, ఇంటికి పోదాం" అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

బస్సులో కండక్టరు మా తడి బట్టలు చూసి, "గుడారం ఉండి కూడా తడిశారేంటండీ?" అని నవ్వాడు.

నేను తడుముకునే లోపే పిల్ల అందుకుంది. "మా నాన్న బాగానే కుట్టాడండీ. నేనే ముట్టుకుని పాడు చేశాను."

ఇంకా చేతుల మీదే కూర్చుని ఉంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గుడారం మూట విప్పి మడత దాని ముందు పెట్టాను.

"ఇది ఎటు చూస్తోందమ్మా?"

మెడ చాచి చూసింది. "పైకి."

"నేనే తప్పు కుట్టాను. నువ్వు ముట్టుకున్నందుకు కారలేదు."

తల పైకెత్తింది. "నీకు ఇప్పుడే తెలిసిందా నాన్నా?"

అవునంటే సరిపోయేది. మా ఆవిడ నావైపే చూస్తోంది.

"కాదమ్మా. వాన వెలిసినప్పుడే తెలిసింది."

అది చేతులు బయటికి తీసి, వాళ్లమ్మ ఒళ్లో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగింది.