మురళీమోహన్ గారి నమస్కారం

చెయ్యి లేని పిల్లలకు కృత్రిమ చెయ్యి వాడడం ఎలా అలవాటు చెయ్యాలో మాలాంటి థెరపిస్టులకు నేర్పడం మురళీమోహన్ గారి ఉద్యోగం. శ్రీకాకుళం శిక్షణలో ఆయన మాకు నేర్పింది ఒక్కటే, పిల్లలచేత నమస్కారం పెట్టించడం. గ్లాసు పట్టుకోవడం, జడ వేసుకోవడం ఎప్పుడు నేర్పాలని అడిగాను.

"ముందు ఫొటోకి పనికొచ్చేది చూడమ్మా" అన్నాడు. పిల్లల్ని ముట్టుకున్నాక రుమాలుతో వేళ్లు తుడుచుకునే మనిషి అంతకంటే ఏం చెబుతాడు?

ఏడాది తర్వాత, దాతలకు పంపే ఫొటో కోసం నన్ను వెంటబెట్టుకుని కళింగపట్నం వచ్చాడు. అక్కడ ఎండుచేపలమ్మే తాయారు కూతురు హేమకు మేమే చెయ్యి అమర్చాం. ఆ పిల్ల ఒంటిచేత్తో ఇసకలో చేపలు తిరగేస్తోంది. ప్లాస్టిక్ చెయ్యి పక్కనే ఒక కర్రకు వేలాడుతోంది.

"దానితో దండమెట్టడమొకటే నేర్పినారు బాబూ. కాకుల్నన్నా తోలతాదని కట్టినాను" అంది తాయారు.

ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు. చెయ్యి విప్పించి, తుడిపించి, పిల్లకు తొడిగించి నమస్కారం పెట్టించాడు. ఫొటోలో నవ్వు రాలేదని మళ్లీ పెట్టించాడు.

"అయిపోనాదా బాబూ?" అంది తాయారు. "అయితే ఆ సెయ్యి ఇలాగియ్యండి. కాకులొచ్చేసినాయి."