ముల్లుకి నేనంటే లోకువ

మా పాత కారులో ఇంజను వేడి చూపించే ముల్లు ఒకటి ఉండేది. ఒక చివర చల్లదనానికి సి, ఇంకో చివర వేడికి హెచ్. మా ఆయన నడిపితే ఆ ముల్లు మధ్యలో బుద్ధిగా కూర్చునేది. నేను నడిపితే హెచ్ వైపు ఎగబాకేది. దానికి ఆయనంటే భయం, నేనంటే లోకువ.

నవ్వకండి. అప్పట్లో నా ఉద్యోగం ఆ ముల్లు మీద ఆధారపడి ఉంది.

కంప్యూటర్ చదివినవాళ్ళని పిలిచి మరీ విమానం ఎక్కిస్తున్న కాలమది. మా ఆయన సింగపూరులో ఒక బ్యాంకుకి ప్రోగ్రాములు రాసేవారు. యీషున్‌లో ఉండేవాళ్ళం. ఆయన వెనకాల వచ్చిన నేను మూడేళ్ళు ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుని, చివరికి ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం సంపాదించుకున్నాను. టెస్టింగ్ అంటే ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం. ఎవర్నీ నమ్మకపోవడమే ఆ పనికి అర్హత. నాకు అది పుట్టుకతో వచ్చిన గుణం. "అనుమానం పెనుభూతమే, నిన్ను తినేస్తుంది" అని మా అమ్మ తిట్టేది. ఆ భూతానికి నెలనెలా జీతమిచ్చేవాళ్ళు దొరుకుతారని ఆవిడకేం తెలుసు, పాపం!

ఆఫీసు ఊరికి పడమటి కొసన, ఫ్యాక్టరీల మధ్య ఉండేది. రైలూ, రెండు బస్సులూ మారితే గంటన్నర పైమాటే. నాలుగేళ్ళ మా అమ్మాయిని వదిలే చైల్డ్‌కేర్‌ని ఏడింటికి మూసేసేవాళ్ళు. అందుకే కారు కొన్నాం. ఆయన రైల్లో టౌనుకి వెళ్ళేవారు. వారమంతా కారు నాది, ఆదివారం ఆయనది. కారుంటే ఉద్యోగం ఉంది, లేకపోతే లేదు.

మా పై అంతస్తులో ఒక ఆంటీ ఉండేవారు. కరీంనగర్ వైపు మనిషి. పొద్దున్నే బ్లాకు కింద సిమెంటు బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తుండేవారు. కారు కొన్న రెండో నెలలో ఒకరోజు నేను తాళం తిప్పుకుంటూ వెళ్తుంటే ఆపారు.

"అబ్బ, కారు మస్తుగున్నది బిడ్డా! పొద్దుగాల్నే రాణి లెక్క పోతవ్. అందరికి దొరుకుతదా గీ అదృష్టం?"

నా గుండెల్లో రాయి పడింది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు, మాది ముందే పాత కారు. ఆ సాయంత్రమే నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు తెచ్చి నల్లదారానికి గుచ్చాను. ఎక్కడ కట్టాలి? ముందర కడితే ఆయన చూస్తారు. చూస్తే "కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తూ ఏంటే ఈ చాదస్తం?" అని నెల రోజులు ఏడిపిస్తారు. అందుకని బానెట్ ఎత్తి చూశాను. రేడియేటరు వెనకాల నల్లటి ప్లాస్టిక్ చట్రం ఒకటి కనిపించింది. దానికి గట్టిగా ముడేశాను. ఎవరి కంటా పడదు, దాని పని అది చేసుకుంటుంది అనుకున్నాను.

వారం తిరక్కుండా, ఆఫీసు నుంచి వస్తుంటే ఒక సిగ్నలు దగ్గర ముల్లు లేచింది. రెండో సిగ్నలుకి హెచ్ తాకింది. మూడో దానికి బానెట్ సందుల్లోంచి పొగలు. ఆదరాబాదరాగా పక్కకి ఆపి, బానెట్ ఎత్తి, గుడ్డ ముక్క వేసి రేడియేటరు మూత తిప్పబోయాను. వెనకాల టాక్సీ ఆపి ఒక చైనా పెద్దాయన పరుగెత్తుకొచ్చి నా చెయ్యి లాగేశాడు.

"నో నో, డోంట్ ఓపెన్! వెరీ హాట్ లా! యువర్ ఫేస్ ఫినిష్!"

ఆ మూత కింద నీళ్ళు కుతకుతా ఉడుకుతూ ఉంటాయని, తీస్తే మొహం మీదికి చిమ్ముతాయని అప్పటిదాకా నాకు తెలీదు. అరగంట ఆగి, ముట్టుకుంటే చెయ్యి కాలకుండా ఉన్నప్పుడు, ఆయనే తన సీసాలో నీళ్ళు పోశాడు. ఇంత సాయం ఎందుకు చేస్తున్నాడా అని నేను నా హ్యాండ్‌బ్యాగు చంకలో బిగించి పట్టుకుని నిలబడ్డాను. నా బుద్ధి అలాంటిది.

చైల్డ్‌కేర్‌కి సమయానికి అందుకోలేనని తేలాక పై అంతస్తు ఆంటీకి ఫోను చేశాను. ఆవిడ వెళ్ళి పిల్లని తెచ్చుకున్నారు. నేను వెళ్ళేసరికి అమ్మాయి వాళ్ళింట్లో సకినాలు నములుతోంది.

"ఏమైంది బిడ్డా బండికి? నిన్నటిదాంక మంచిగనే ఉండె గదా!"

ఆ అడిగిన తీరు నాకు నచ్చలేదు. కిందికొచ్చి బానెట్ ఎత్తి చూస్తే నిమ్మకాయ లేదు. మిరపకాయలు లేవు. దారం కూడా లేదు. కట్టిన కాయే మాయమైందంటే అదెంత పాడు దిష్టి! ఈసారి దారం రెండు పేటలు వేసి ఇంకో నిమ్మకాయ కట్టాను.

మా ఆయనకి నిమ్మకాయ సంగతి చెప్పలేదు, పొగల సంగతి చెప్పాను. "క్లచ్చి మీద కాలేసి తొక్కుతావు. గేరు మార్చకుండా ఈడుస్తావు. ఇంజను వేడెక్కక ఏం చేస్తుంది?" అన్నారు. ఆదివారం మమ్మల్ని ఎక్కించుకుని ఎక్స్‌ప్రెస్‌వే మీద ఈస్ట్ కోస్టు దాకా రయ్యిన తీసుకెళ్ళి తీసుకొచ్చారు. ముల్లు మధ్యలోంచి కదిలితే ఒట్టు.

"చూశావా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కారుదేం తప్పు లేదు" అన్నారు. ఆ ముల్లుని పీకి పారెయ్యాలన్నంత కోపం వచ్చింది.

నిమ్మకాయ ఎవరి కంటా పడకుండా విప్పి దాచి, కారుని వుడ్‌ల్యాండ్స్‌లో ఒక మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్ళాను. అరవై దాటిన మనిషి. ఆయన తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చారట. ఆయన తెలుగు మధ్యలో అరవం, మలయ్ దొర్లుతుండేవి; వేడిని పానస్ అనేవాడు. "బండి పానస్ అయిపోతందా తల్లీ?" అని మొదలుపెట్టి, థర్మోస్టాట్ అనే బిళ్ళ ఒకటి మార్చాడు. ఇంజను వేడెక్కితే నీళ్ళని రేడియేటరులోకి వదిలే తలుపు అదేనట. అది మూసుకుపోతే నీళ్ళు చల్లారే దారి ఉండదట. అస్తమానం పంపు నీళ్ళు పోస్తే లోపల తుప్పు పడుతుందని చెప్పి, ఆకుపచ్చ కూలెంట్ పోశాడు.

నేను నమ్మలేదు. తెలుగువాడే కదా అని ఊరుకుంటే తెలుగువాడే ముంచుతాడు. పాత బిళ్ళ అడిగి ఇంటికి పట్టుకెళ్ళి, నిమ్మకాయ మళ్ళీ కట్టాను. పక్కనున్న కూలెంట్ డబ్బా మీద, నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో అక్కడ, నా గోళ్ళ రంగుతో ఎర్ర గీత గీశాను.

పది రోజులకి మళ్ళీ ముల్లు లేచింది. ఈసారి పిల్ల కూడా వెనక సీట్లో ఉంది. "అమ్మా, కార్ ఫీవర్ అగైన్ ఆ?" అంటోంది. ఏసీ కట్టేసి, అద్దాలు దించి, చెమటలు కారుతుండగా ఆగి ఆగి ఇల్లు చేరాం. చల్లారాక చూస్తే కూలెంట్ గీత దగ్గరే ఉంది, చుక్క తగ్గలేదు. కారడం లేదన్నమాట. నిమ్మకాయ మాత్రం మళ్ళీ మాయం. ఈసారి దారం నాలుగు పేటలు పేని కట్టాను.

ఆ రాత్రి మా ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టి చెప్పారు. "ఇంకొక్కసారి ముల్లు పైకెళ్తే ఈ తాళం నా దగ్గరే ఉంటుంది. ఉద్యోగం మానెయ్యి. పిల్లతో రోడ్డు మధ్యలో నిలబడిపోతే ఎవరు దిక్కు?"

నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. ఆ తర్వాత అనుమానం ఆయన మీదికే మళ్ళింది. పిల్ల చిక్కిపోయిందని రెండు వారాలుగా అంటున్నారు కదా, నన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికి ఆయనే ఏదైనా చేస్తున్నారేమో! ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు. ఆయన నిద్రపోయాక చేతికి గ్రీజు అంటిందేమోనని వేళ్ళు ఎత్తి చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

ఇక మిగిలింది ఆంటీ. ఆవిడ కూర్చునే బల్ల వైపు వెళ్ళకుండా చుట్టు తిరిగి కారు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాను. పిల్లకి ఆవిడ పంపిన సకినాలు చెత్తబుట్టలో పడేశాను. "వై యూ త్రో, అమ్మా? ఆంటీ మేడ్ ఫర్ మీ లా!" అని అది వెక్కి వెక్కి ఏడ్చింది.

శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. మా ఉద్యోగంలో ఒక పద్ధతి ఉంది. తప్పు కళ్ళ ముందు మళ్ళీ జరిగితే తప్ప దాన్ని పట్టుకోలేం. "కారు మీకు వదిలి వెళ్ళను. మీరు నా పక్కన కూర్చోండి, నేను నడుపుతాను" అన్నాను. పెద్దాయన నవ్వి, చేతులు తుడుచుకుని ఎక్కాడు. శుక్రవారం సాయంత్రం మలేషియాలోని జొహోర్ వెళ్ళే కార్లన్నీ వంతెన ముందు బారులు తీరతాయి. తిన్నగా ఆ బారులోకే పోనివ్వమన్నాడు.

పావుగంట నత్తనడక నడిచాం. ముల్లు లేచింది. నా గుండె కూడా లేచింది.

"పక్కకి లాగు తల్లీ. ఏసీ కట్టీ. ఇంజను ఒక్క నిమిషం ఆపకు, నానొకటి సూడాల" అని దిగి బానెట్ ఎత్తాడు. చూసి నన్ను పిలిచాడు. "ఇదిగో, ఫేను తిరగట్లేదు. ఇంక ఆపీ."

ఇంజను చల్లారేదాకా రోడ్డు పక్కన నిలబడి చెప్పాడు. "బండి జోరుగా పోతే ఎదురుగాలి కొట్టి రేడియేటరు సల్లబడతాది. మెల్లిగా పోతే గాలేది? అప్పుడు ఈ ఫేనే దిక్కు. మీ ఆయన పెద్ద రోడ్డు మీద పోతాడు, నువ్వు సిగ్నల్లో నిలబడతావు. నీ నడకలో తప్పు లేదు తల్లీ."

ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. నా తప్పు లేదు! ముల్లుకి నేనంటే లోకువ కాదు, దానికి కావలసింది గాలి!

అప్పుడు ఆయన వంగి, పట్టకారు లోపలికి పెట్టి ఏదో లాగడం మొదలుపెట్టాడు. నల్లదారం. ఫ్యాను ఇరుసు చుట్టూ పొరలు పొరలుగా బిగిసిపోయి ఉంది. లాగుతుంటే వస్తూనే ఉంది. చివర్లో ఎండిన మిరపకాయ తొడిమ ఒకటి రాలింది. నేను ముడేసిన ఆ నల్ల చట్రం ఫ్యాను చుట్టూ ఉండే చట్రమే!

"ఇదేటి తల్లీ?"

"నాకేం తెలుసు? ముందే చూడాల్సింది మీరు కదా!" అని గయ్యిమన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నా వ్యవహారం.

"ముందు తిరిగింది, నా కళ్ళతో సూసినాను. పోనుపోను బిగిసిపోనాది. ఫ్యూజు కూడా పోనాది" అన్నాడు. దారాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి నవ్వాడు. "మా నాయనమ్మ కూడా కట్టేది. బండి ముందర కట్టేది గానీ, లోపల కాదు."

షెడ్డుకి వెళ్ళి ఫ్యూజు మార్చి, ఫ్యాను గిర్రున తిరుగుతుంటే నాకు చూపించాడు. అక్కణ్ణించే మా ఆయనకి ఫోను చేశాను.

"ఫ్యాను తిరగట్లేదటండీ. నా డ్రైవింగ్ కాదు."

"ఎందుకు తిరగలేదు?"

"పాతది కదండీ" అన్నాను. ఆయనకి ఇప్పటికీ ఆ మాటే తెలుసు.

"సరేలే, తాళం నీ దగ్గరే ఉంచుకో" అన్నారు. తర్వాత, "నువ్వు రాలేదని చైల్డ్‌కేర్ వాళ్ళు నాకు ఫోను చేశారు. ఆంటీని వెళ్ళమన్నాను" అన్నారు. ఆ హడావిడిలో ఏడు దాటిపోయిన సంగతే చూసుకోలేదు.

గాలిలో తేలుతూ వెళ్ళాను. ఆంటీ వాళ్ళింటి తలుపు తీసే ఉంది. పిల్లని పీట మీద కూర్చోబెట్టి, గుప్పెట్లో ఉప్పు పట్టుకుని, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ దాని చుట్టూ తిప్పుతున్నారు.

"పిల్ల బక్కగైంది బిడ్డా, దిష్టి తీస్తున్న. నీ బండికి గూడ ఎవలదో తగిలింది. గిదిగో, నిమ్మకాయ గుచ్చి పెట్టిన, పట్కపో."

పళ్ళెంలో నల్లదారానికి గుచ్చిన నిమ్మకాయ. నాకు పట్టలేనంత నవ్వొచ్చింది. ఆ సంతోషంలో నోరు జారాను.

"అయ్యో ఆంటీ, నేను ముందే కట్టాను. ఆ దారమే ఫ్యానుకి చుట్టుకుని ఇంత పని చేసింది!"

ఆవిడా పకపకా నవ్వారు. "అవునా! ఎప్పుడు కట్టినవ్?"

"కారు కొన్న రెండో నెలలో. మీరు నన్ను కింద ఆపి..." అని నాలుక కరుచుకున్నాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఎవల దిష్టి అనుకున్నవ్ బిడ్డా?" అని మెల్లగా అడిగారు.

నా మొహంలో ఏం కనిపించిందో, ఆవిడ పళ్ళెంలోంచి నిమ్మకాయ తీసుకుని, దారం లాగేశారు. "పప్పుల పిండుకుంటలే" అన్నారు. "పిల్ల తిన్నది. నువ్వు తింటవా?" అని అడిగారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు వెళ్ళి క్షమించమని అడిగాను. "గదేం లేదు బిడ్డా" అన్నారు. అది మాటవరసకి అన్నది కాదు. ఆ తర్వాత కూడా నాకు ఆలస్యమైన ప్రతిసారీ ఆవిడే వెళ్ళి పిల్లని తెచ్చారు, అన్నం పెట్టారు, సకినాలు మళ్ళీ పంపారు. నా ఉద్యోగం ఆవిడ వల్లే నిలబడింది.

ఆ ఇంట్లో ఉన్న మిగతా రెండేళ్ళూ కారు మళ్ళీ వేడెక్కలేదు. పొద్దున్నే నేను తాళంతో వస్తుంటే ఆంటీ బల్ల మీద కూర్చునే ఉండేవారు. నన్ను పలకరించి, పిల్ల బుగ్గ పుణికి, ఇంక నేను కారు తలుపు తియ్యబోతుంటే లిఫ్టు వైపు తిరిగి కూర్చునేవారు. కారు మలుపు తిరిగి వెళ్ళిపోయేదాకా ఇటు చూసేవారు కాదు.