నేను పెట్టిన అమ్మవారు

మెట్టుగూడలో మా గోడ పక్కన ఒక వేపచెట్టు ఉంది. దారిన పోయేవాళ్లంతా దాని కింద చెత్త పోసేవాళ్లు. బోర్డు పెట్టాను, బతిమాలాను, అరిచాను. చివరికి విసుగెత్తి, రెండేళ్ల కిందట ఒకరోజు ఒక రాయికి పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి చెట్టు మొదట్లో ఆనించాను. మర్నాటి నుంచి చెత్త బంద్. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ తెలివే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. వేపవేర్లు మురుగు పైపులోకి దూరి, కింది బాత్రూంలో నీళ్లు వెనక్కి తన్నుతున్నాయి. మోకాలి ఆపరేషన్ అయిన అమ్మ మేడ మీది బాత్రూంకి ఎక్కలేకపోతోంది. పూటపూటకీ వాకర్ పట్టుకుని ఎదురింటి బాత్రూంకి వెళ్తోంది. కన్నతల్లికి ఆ మాత్రం వసతి చూడలేకపోతున్నానని సిగ్గుతో చచ్చిపోతున్నాను.

చెట్టు కొట్టే పర్మిషన్‌కి నెల తిరిగాను. కాగితం వచ్చింది గానీ మనిషి దొరకలేదు. వచ్చిన ముగ్గురూ రాయిని చూసి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. మూడో ఆయనకి ఉండబట్టలేక నిజం చెప్పేశాను.

"మీరు పెడితే ఏంది సార్, అమ్మవారు వచ్చి కూసున్నది గదా. నాకు పిల్లలున్నరు" అన్నాడు.

ఆఫీసు కాల్‌లో ఐర్లండ్ సహోద్యోగితో మొర పెట్టుకున్నాను. నవ్వుతాడనుకున్నాను. వాళ్ల పొలంలో గుండ్రటి పాత మట్టిదిబ్బ, దాని మీద ఒంటరి ముళ్లచెట్టు ఉన్నాయట. అక్కడ కంటికి కనపడనివాళ్లు కాపురముంటారని, వాళ్ల నాన్న ఈరోజుకీ ట్రాక్టర్‌ని దాని చుట్టూ తిప్పి దున్నుతాడట.

"నువ్వు నమ్ముతావా?"

"నమ్మను. ముట్టుకోను కూడా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంజనీరింగ్ చదివిన మనిషి అనాల్సిన మాటేనా అది?

ఆదివారం నేనే గొడ్డలి తెచ్చాను. ముందు రాయి తీసేద్దామని వంగితే, వెనక వాకర్ చప్పుడైంది.

"దాన్ని కదపకురా" అంది అమ్మ.

"అది నేను పెట్టిన రాయే అమ్మా."

"తెలుసు. పసుపు డబ్బా మూత కూడా సరిగ్గా పెట్టలేదు నువ్వు. కానీ ఆపరేషన్‌కి మత్తిస్తుంటే భయమేసి నేను మొక్కుకుంది దీనికే. ఇంకే దేవుడూ గుర్తు రాలేదు."

అమ్మ వాకర్‌ని ఎదురింటి గేటు వైపు తిప్పింది. గొడ్డలి పక్కన పడేసి, రోడ్డు దాటించడానికి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇక కోపం ఎవరి మీద చూపించాలో నాకు తెలియలేదు.