ఏకగ్రీవాన్ని ఒప్పుకోని మనిషి

మా అప్పలస్వామి మాస్టారు ఇక లేరన్న దుర్వార్త మొన్న పొద్దున్నే ఫోనులో విన్నాను. నిశ్చేష్టుణ్ణయ్యాను. అది నిజం. ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. ఆ వార్త చెప్పిన పూర్వవిద్యార్థి వెక్కివెక్కి ఏడుస్తుంటే, రేపు నేను పోతే వీడు ఇంతగా ఏడుస్తాడా అనిపించింది. ఏడవడు. వాడికి నేనూ పాఠం చెప్పాను.

విశాఖలో ఒక కళాశాలలో మేమిద్దరం రాజనీతిశాస్త్రం బోధించాం. నాకు బ్రిటిష్ రాజ్యాంగం, ఆయనకు అమెరికా రాజ్యాంగం, మా గదుల మధ్య ఒక్కటే గోడ. నేను పార్లమెంటు సార్వభౌమత్వాన్ని విశదీకరిస్తుంటే గోడ అవతల నుంచి నవ్వులు వినిపించేవి. నా పిల్లల చెవులన్నీ అటే. నేను గోదావరి జిల్లా వాణ్ణి, నా ఉచ్చారణకు వంక పెట్టినవాడు లేడు. ఆయన సింహాచలం దగ్గరి పల్లె మనిషి, తరగతిలోనూ ఆ యాసే. "శాసనం సేసేవోడొకడు, అమలు సేసేవోడొకడు, తప్పొప్పులు తేల్సేవోడొకడు. ముగ్గురి పనీ ఒక్కడికే ఇచ్చేత్తే ఇంకేటుంది?" అనేవారు. అధికార విభజన గురించి నేను మూడు గంటలు చెప్పినా పిల్లలు పరీక్షలో ఆయన మాటే రాసేవారు. దిద్దేది నేనే.

సీతమ్మధారలో ఆదివారం ఉదయం మా చర్చామండలి కూడుతుంది. పోర్టులో రిటైరైన గుమస్తాలు, ఉక్కునగరం నుంచి షిఫ్టు లేని రోజున వచ్చే కార్మికులు, మేము. దానికొక విచిత్రమైన ఆచారం పెట్టింది ఆయనే. ఎంత మంచి తీర్మానమైనా సరే, ఒకరు లేచి వ్యతిరేకంగా మాట్లాడితేగానీ ఓటుకు పెట్టకూడదు. ఉగాది శుభాకాంక్షల తీర్మానానికైనా అంతే. ఆ వ్యతిరేకించే పనికి ప్రతిసారీ నా పేరే ప్రతిపాదించేవారు. నన్నే ఎందుకు తగులుకున్నారని ఒకనాడు నిలదీశాను.

"అమెరికా దేశాన్ని కట్టినోళ్లు ఒకళ్లనొకళ్లు నమ్మలేదు బావా. అందుకే అధికారానికి అధికారాన్నే కాపలా ఎట్టారు. మరి నన్నెవుడు కాపలా కాత్తాడు? ఈళ్లందరూ నానేటన్నా తలకాయలూపేత్తారు. నాను తప్పు సేత్తే సూడాలని కూకున్నోడివి నువ్వొక్కడివే."

వరసా వావీ లేకుండా మొదటి రోజు నుంచీ నన్ను బావా అనేవారు. నేను చివరిదాకా మీరు అనే అన్నాను.

ఒక ఆదివారం ఆయన అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోని సమానత్వాన్ని అద్భుతంగా వర్ణించారు. నాకు ఒళ్లు మండింది. లేచి, "సమానత్వం గురించి రాసిన చేతులతోనే మనుషుల్ని కొని బానిసలుగా ఉంచుకున్నారు కదా, దీనికేమంటారు?" అని అడిగాను. ఇక కోలుకోలేరనుకున్నాను. ఆయన లేచి చప్పట్లు కొట్టారు. మరుసటి వారం కళాశాలలో ఆ ఆక్షేపణనే పాఠంగా చెప్పారు, నా పేరు చెప్పి మరీ. గోడ ఇవతల కూర్చుని విన్నాను. నాకంటే బాగా చెప్పారు. ఆ సంగతి ఇప్పటికీ మింగుడుపడదు.

చర్చామండలి అధ్యక్షత రెండు దఫాలు వహించి, మూడోసారి అందరూ బతిమాలినా ఒప్పుకోలేదు. "అమెరికా మొదటి అధ్యక్షుడే రెండుసార్లు సాలని దిగిపోయాడు. నానేటి, ఆయన్ని మించినోడినా?" అన్నారు. కుర్చీ నాకొచ్చింది. నేను ఎక్కినందుకు చప్పట్లు ఎవరూ కొట్టలేదు, ఆయన దిగినందుకు మాత్రం హాలు మారుమోగింది.

నిన్న అదే హాలులో సంతాపసభ. ఆ మహామనీషి అజాతశత్రువనీ, నిష్కళంక చరితుడనీ తీర్మానం చదివారు. "ఏకగ్రీవంగా ఆమోదిద్దాం" అన్నాడు కార్యదర్శి. అందరూ నిలబడబోతుండగా ముందు వరసలోంచి ఆయన భార్య సత్యవతమ్మ గొంతు వినిపించింది.

"అదేటి బాబూ? ఆయనెట్టిన పద్ధతి ఆయనకే తప్పించేత్తారా? అన్నయ్యా, నువ్వు లెగు."

లేచాను. ఇన్నేళ్లూ ఎదురుచూసిన అవకాశం, ఇలా వస్తుందనుకోలేదు.

"ఈ తీర్మానాన్ని వ్యతిరేకిస్తున్నాను. ఈయన అజాతశత్రువు కాడు, నేనున్నాను. నిష్కళంకుడూ కాడు, మహా ఆశపరుడు. ఊళ్లో పిల్లలందరి ప్రేమా ఆయనకే కావాలి. పక్క గదిలో ఇంకొకడు పాఠం చెబుతున్నాడన్న ఇంగితం లేదు. ఓడించి ఊరుకోడు, ఓడినవాణ్ణి పిలిచి టీ తాగిస్తాడు. ఇప్పుడు నాకు చెప్పకుండా వెళ్లిపోయాడు. ఇంతకంటే..."

కూర్చున్నాను. ఆయన్ని ఏకవచనంలో అన్నానని అప్పుడు తెలిసింది. ఓటు పెట్టారు. అన్ని చేతులూ అటు, నా చెయ్యి ఒక్కటే ఇటు. కొందరు నన్ను అసహ్యంగా చూశారు. సత్యవతమ్మ మాత్రం కళ్లు తుడుచుకుంటూ, "ఆయనుంటే సప్పట్లు కొట్టేవోరు" అంది. కొట్టేవారే. అదీ నాకు కోపమే.

మాస్టారూ, మీకు నమస్కరిస్తున్నాను. మీ వంటి అధ్యాపకుడు ఈ ఊరికి మళ్లీ రాడు. అయితే నాకు మాత్రం అన్యాయం చేశారు. నేను పోయిననాడు ఆ హాలులో నా మీదా ఒక తీర్మానం పెడతారు. నా లోపాలన్నీ తెలిసి, లేచి నిలబడి కాదనగలిగినవారు మీరొక్కరే. ఇక నాది ఏకగ్రీవంగా నెగ్గిపోతుంది.