బీరువా వెనక గోడ

భర్త వేసే రంగు లెక్క మీద లూర్దుమేరికి గట్టి గురి. ఆరోగ్యసామి గదిని తాడుతో కొలిచి, తలుపుల కిటికీల కొలత అందులోంచి తీసేసి, ఆపైన గోడల మీద నీళ్లు చల్లి తడి ఎంతలో ఇంకుతుందో చూసేవాడు.

"కొలత ఎవురైనా కొలుస్తారు. గోడకు దాహం ఎంతుండాదో చూడాల" అనేవాడు.

గదంతటికీ ఒకేసారి కలిపేవాడు. మధ్యలో చాలక మళ్లీ కలిపితే మొదటి రంగు రాదని అతని భయం.

పెరంబూరులో రైలుపెట్టెల కార్ఖానా కొత్తగా లేచిన కాలమది. పురసవాక్కంలో బట్టల వ్యాపారి ఆదికేశవులు ఇంటినుంచి, కూతురు పురిటికి వస్తోందని, మేడమీది గదికి లేత ఆకుపచ్చ వేయమని కబురంపారు. భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. గోడలు గీకడం, నీళ్లు మోయడం లూర్దుమేరి పని.

గదిలో పెద్ద టేకు బీరువా ఉంది. దాన్ని జరపడానికి మనుషులు దొరకలేదు. వెనక గోడ మాత్రం వేరేగా ఉంటుందా అనుకుని, ఆ చోట నీళ్లు చల్లకుండానే ఆరోగ్యసామి లెక్క కట్టాడు. పని చివర మనుషులు దొరికి బీరువా జరిపితే, వెనకంతా ఈమధ్యే మెత్తిన కొత్త సున్నం. పూసింది పూసినట్టే పీల్చేసింది. బక్కెట్టు ఖాళీ అయింది.

పసుపు పొడి, నీలం పొడి సున్నపు నీళ్లలో వేసి మళ్లీ కలిపి పూశాడు. ఆరాక ఆదికేశవులు భార్య అలివేలు వచ్చి చూసింది.

"ఏం ఆరోగ్యసామీ, ఈ గోడ నీలంగా కొడతాండాదే?"

అతను దగ్గరికెళ్లి చూశాడు. దూరం జరిగి చూశాడు. "అన్నీ ఒకటే గదమ్మా" అన్నాడు.

లూర్దుమేరి ఉలిక్కిపడింది. గోడ నీలమని చంటిపిల్లకైనా తెలుస్తుంది. మొన్న ఆదివారం అతను తన తెల్లచీర చూసి పసుపుచీర కట్టావా అని అడిగితే, వేళాకోళమనుకుని నవ్వింది.

"రేపొచ్చి సరిచేస్తామమ్మా" అంది.

ఇంటికి పోయే దారిలో అతను ఆగి ఆమెవైపు తిరిగాడు.

"నువ్వుగూడ ఆయమ్మ పక్కనే నిలబడితివే."

"ఉండేది చెప్తిని. నీకు నిజంగా తెలీలేదా?"

"లేదు మేరీ. కొన్నాళ్లుగా అన్ని రంగులూ పాతబడినట్టుండాయి. పొడి మంచిది రావటం లేదనుకుంటి."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. వీధిలో అలా ఎప్పుడూ పట్టుకోలేదు.

మరునాడు ఆరోగ్యసామి పొడులు ముట్టలేదు. గోడమీద నీళ్లు చల్లి, చేత్తో తడిమి, "రెండు పూతలు తాగుతాది. అర బక్కెట్టు కలుపు" అన్నాడు. లూర్దుమేరి కలిపింది. పెంకుమీద పూసి ఆరబెట్టి గోడ పక్కన పెట్టి చూసింది. పసుపెక్కువైంది. మళ్లీ కలిపింది. అదీ కాలేదు. ఆమె హడావిడిగా మళ్లీ పొడులు తీస్తుంటే అతను, "తొందరేముండాది, గోడ యాడికీ పోదులే" అన్నాడు. మధ్యాహ్నానికి రంగు కుదిరింది.

అలివేలు వచ్చి నాలుగు గోడలూ చూసింది. పనిమనిషిని పిలిచి ఉయ్యాల ఎక్కడ కట్టాలో చూపించింది.

ఆ యేడే ఆసుపత్రిలో అతని కంటి పొర తీశారు. దళసరి కళ్లద్దాలు పెట్టుకుని పనికి వచ్చిన మొదటిరోజు లూర్దుమేరి పొడుల సంచి అతని ముందుంచింది. అతను దాన్ని మళ్లీ ఆమెవైపే జరిపాడు.

"కలిపేది నువ్వే. నేను గోడ చూస్తా."